గోనె ఎత్తని ఇల్లు

ఆ వేసవిలో అరవై ఒక్క రోజులూ నేను ఏదో ఒకదానికి భయపడుతూనే ఉన్నాను. మొదటి వారం ఊరి జనమంటే భయం. తర్వాత మా మామగారంటే భయం. ఆఖరికి సముద్రమంటే భయం. వేటకు వెళ్ళే ఇంటి కోడలికి సముద్రమంటే భయమేమిటని నవ్వకండి. ఆ భయం లేని ఇల్లు మా యారాడలో ఒక్కటి చూపించండి, ఇంక నేను నోరెత్తను.

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ ఇంజిను కట్టిన పడవ ఏదీ వేటకు వెళ్ళకూడదని ప్రభుత్వం ఆంక్ష. తెడ్డు వేసుకుని ఒడ్డు దగ్గర వల విసురుకునేవాళ్ళకు అడ్డు లేదు. అందుకని నిషేధం మొదలైన రోజునే మావాళ్ళు తెప్పల నుంచి ఇంజిన్లు విప్పేసి, ఎవరి అరుగు మీద వాళ్ళు పెట్టుకుని, ఉప్పుగాలి తగలకుండా గోనెపట్టా కప్పుతారు. తెప్ప ఇసుకలో ఉందా నీళ్ళలో ఉందా అని ఎవరూ అడగరు. ఇంజిను అరుగు మీద ఉందా లేదా అన్నదే లెక్క.

అది చూసి రావడం నా ఉద్యోగం. డిగ్రీ చదివిన కోడలినని మత్స్యశాఖవాళ్ళు నన్ను మా ఊరికి సాగర మిత్రగా పెట్టుకున్నారు. ప్రతి సోమవారం నలభై మూడు ఇళ్ళు తిరగాలి. గోనె ఎత్తాలి, ఇంజినును ఫోనులో ఫోటో తీయాలి, పైకి పంపాలి. నన్ను చూడగానే అరుగుల మీది ఆడవాళ్ళు "గవర్నమెంటు వొచ్చినాది, గోనెలెత్తండర్రా" అని కేకలేసేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే ఎత్తేదాన్ని. ఒక్క గోనె కూడా వదిలేదాన్ని కాదు.

మా మామగారి పేరు ఎల్లాజీ. ఊళ్ళో ఆయన మాటకు బరువుంది. ఏప్రిల్‌లో మా పై అధికారి ధనశ్రీ మేడం ఊరివాళ్ళను పోగుచేసి నిషేధం గురించి చెప్పినప్పుడు కుర్రాళ్ళు గొణిగారు. లేచి వాళ్ళ నోరు మూయించింది ఆయనే.

"కడుపుతో ఉన్నదాని మీద సెయ్యి సేసుకుంటామేటి? సేపైనా అంతే. ఈ రెండు నెల్లూ ఇంజిను కట్టినోడు నాకు మనిసి కాడు" అన్నాడు. అని నా వైపు చూపించి, "మా కోడలే వొచ్చి సూత్తాది. ఎవుడి ఇంటికాడా మొగమాటం పడదు" అన్నాడు.

ఆ మాటకు నాకు గర్వంగా ఉంది. కొంచెం బెదురుగానూ ఉంది.

రెండో సోమవారమే పోలిరాజు దొరికాడు. దొరికాడనడం కూడా తప్పే, అతను దాక్కోలేదు. అరుగు ఖాళీగా ఉంది, గోనె మడత పెట్టి ఉంది. అతను గుమ్మంలో కూర్చుని తడి చొక్కా పిండుకుంటున్నాడు. మా ఆయన నాగబాబును బావా అని పిలుస్తాడు కాబట్టి నేను అతనికి చెల్లెలిని.

"ఎల్లొచ్చినాను సెల్లెమ్మా. ఇంజిను ఇంకా తెప్ప మీదే ఉన్నాది. దాసడం నాకు రాదు. నీ పని నువ్వు సేసుకో" అన్నాడు.

నా పని నేను చేశాను. మర్నాడు మేడం వచ్చి అతని ఇంజిను విప్పించి, తుఫాను షెల్టర్‌లోని గదిలో పెట్టించి తాళం వేయించారు. తాళంచెవి నా చేతికిచ్చారు. పోలిరాజు నా ముఖంలోకి చూసి, "జాగర్త సెల్లెమ్మా, పారేసుకోకు. జూన్ పదిహేనుకి నానే వొచ్చి అడుగుతాను" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నిషేధం రోజుల్లో ఊరికి ఒక నిశ్శబ్దం వస్తుంది. మిగతా ఏడాదంతా తెల్లారేసరికి ఇంజిన్ల మోత. మామగారు అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకునే ఏ ఇంజిను ఎవరిదో చెప్పేవాడు. "అది శ్రీరామ్మూర్తిది, ముసల్ది, ఆయాసపడతన్నాది. ఇది పోలిరాజుది. నాలుగు కొట్టి ఒకటి మింగుతాది సూడు, ఆడు బాగు సెయ్యడు, అది మానదు." పెళ్ళయిన కొత్తలో నాకన్నీ ఒకేలా వినిపించేవి. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడు. కన్న తండ్రి కూడా నాకు అంత ఓపికగా ఏదీ నేర్పలేదు.

ఈ రెండు నెలలూ ఆ అరుగు మీద ఆయనకు వినడానికేమీ లేదు. తెడ్డు తెప్ప మీద వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. వల దులిపితే ప్లాస్టిక్ కవర్లు, నాలుగు చిన్న చేపలు. దూరంగా పోర్టుకు వెళ్ళే ఓడల్ని చూస్తూ కూర్చునేవాడు.

"అవి ఆగినాయేటి?" అన్నాడొకరోజు నాతో. "షిప్పులు ఆగనేదు, పోర్టు ఆగనేదు. ఎల్లాజీ ఒక్కడూ ఆగితే సముద్రం బాగుపడిపోతాదేటమ్మీ?"

"మీటింగులో మీరే కదా మావయ్యా సెప్పినారు."

"సెప్పినాను" అన్నాడు.

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం మా అత్త గంగాలమ్మ నాకు అన్నం పెట్టి పులుసు పోసింది. ముక్క పక్కన గుప్పెడు గుడ్లు. చేప తల చూశాను. అది రాతి నేల మీద తిరిగే చేప, నడిసముద్రంలో దొరికేది. తెడ్డు వేసుకుని ఏ మనిషీ అంత దూరం పోలేడు.

"ఇదెక్కడిదత్తా?"

"సముద్రందే. తిను."

తనే మళ్ళీ అంది. "సీతమ్మధార డాక్టరమ్మగారు ఫోను మీద ఫోను. మే నెలొత్తే ఆరికి గుడ్ల సేపే కావాల. గుడ్లు నేకపోతే ఒద్దంటారు. ఇరవై ఏళ్ళ నుంచి నానే ఇత్తన్నాను. ఇప్పుడు నేదని ఎలగ సెప్పడం?"

నేను తిన్నాను. భయపడుతూనే తిన్నాను. రుచిగా ఉంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పటి నుంచి నాకు చెవులు పెరిగాయి. తెల్లవారుజామున తెడ్డు తెప్పలన్నీ నీళ్ళలో దిగాక, కొండ మలుపు అవతల ఎక్కడో ఇంజిను అందుకున్న చప్పుడు వినిపించేది. పోర్టు పడవ అయివుంటుందని నాకు నేను చెప్పుకునేదాన్ని. అదెవరిదో నాకు తెలుసు. ఇంజిన్ల గొంతులు నాకు నేర్పింది ఆయనే కదా.

సోమవారం వచ్చింది. నలభై రెండు ఇళ్ళలో గోనె ఎత్తాను. నలభై మూడోది మా ఇల్లు. అరుగు మూల గోనె కింద ఎత్తుగా ఏదో ఉంది. అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. నేను గోనెకు ఫోటో తీసి పంపేశాను. పైవాళ్ళు అడగలేదు. అడుగుతారేమోనని వారమంతా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. పోలిరాజు ఎదురుపడితే సందు మారిపోయేదాన్ని. ఆ పై సోమవారమూ అంతే చేశాను.

మామగారిని అడగొచ్చు కదా అంటారు. మా ఇళ్ళలో నీళ్ళ వైపు నడిచే మనిషిని ఎక్కడికని అడగరు. ఎప్పుడొస్తావని అడగరు. అడిగితే తిరిగి రాడని మా వాళ్ళ గట్టి నమ్మకం. డిగ్రీ చదివినా ఆ భయం నాకూ ఉంది. ఆ మౌనమే ఆయనకూ వీలుగా దొరికింది, నాకూ వీలుగా దొరికింది.

మే నెల ఆఖరి సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి నేను నలభై మూడో ఫోటో పంపాను. గోనెదే. మధ్యాహ్నం రెండింటికి గాలి తిరిగింది. దక్షిణం నుంచి నల్లగా లేచి, నిమిషాల్లో ఇసుక ముఖాన కొట్టడం మొదలుపెట్టింది. తెడ్డు తెప్పలు ఒక్కొక్కటే ఒడ్డుకు కొట్టుకొస్తుంటే అందరం మోకాలి లోతు నీళ్ళలో దిగి లాగాం. పదకొండు వచ్చాయి. మాది రాలేదు. రోజూ మధ్యాహ్నానికల్లా వచ్చేసే మనిషి.

అప్పుడే ధనశ్రీ మేడం ఫోను.

"సూర్యకళా, గాలి బాగా పెరుగుతుందట. మీ ఊరివాళ్ళందరూ ఒడ్డుకు వచ్చేశారా?"

"వచ్చేశారు మేడం."

"ఇంజిన్లన్నీ ఒడ్డు మీదే కదా? బయట ఎవరూ లేరుగా?"

"లేరు మేడం."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. భయం మనిషి చేత నిజం చెప్పిస్తుందంటారు కానీ నా చేత అబద్ధం చెప్పించింది. ఆవిడ "హమ్మయ్య" అని పెట్టేశారు. ఆ హమ్మయ్య విన్నాక నేను చేసిందేమిటో తెలిసింది. ఇప్పుడు కాగితం మీద మా మామగారు ఒడ్డున ఉన్నాడు. ఒడ్డున ఉన్న మనిషిని సముద్రంలో ఎవరు వెతుకుతారు?

ఇంటికి పరిగెత్తాను. మా ఆయన నాగబాబు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చాడు. నా ముఖం చూసి అతనికి అర్థమైంది. అంటే అతనికీ తెలుసన్నమాట. ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అందరం ఒకరి దగ్గర ఒకరం దాచుకుంటున్నాం.

"మావయ్య ఫోనుకి సెయ్యి" అన్నాను. గూట్లో మోగింది. తీసుకెళ్ళలేదు. నేను ఫోను చేస్తానని భయపడి ఉంటాడు.

"మేడంకి సెప్పేత్తాను" అన్నాను.

నాగబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. నాన్న వొచ్చేత్తాడు. ముప్పై ఏళ్ళ నుంచి ఎల్తన్నాడు, ఈ గాలొక లెక్కా? నువ్వు సెప్పేసినావనుకో, తరవాత ఆయన వొచ్చేసినాడనుకో, ఊళ్ళో తలెత్తుకుంటాడేటి? మీటింగులో ఏటన్నాడో మరిసిపోనావా? నీ ఉద్యోగం పోతాది, తెప్ప పోతాది. ఇంకో గంట సూద్దాం."

"గంటకి గాలి ఇంకా ముదిరిపోతాది."

"అరగంట."

అతని చెయ్యి చల్లగా ఉంది. తనూ భయపడుతున్నాడు, నాకంటే ఎక్కువగా. అరగంట అన్న మాట నాకూ తియ్యగానే వినిపించింది. మామగారు నడిచొచ్చి ఎప్పటిలా కాళ్ళు కడుక్కుంటున్నట్టు ఊహించుకున్నాను. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పొద్దనీ అనలేదు, చెప్పమనీ అనలేదు. గాలికి అరుగు మీది గోనె అంచు లేచి కొట్టుకుంటోంది.

నేను అరుగు ఎక్కి గోనె తీశాను.

కింద రుబ్బురోలు ఉంది. దాని మీద పొత్రం నిలబెట్టి, చుట్టూ పాత వల చుట్టి ఉంది. ఫోటో తీశాను. మేడంకి పంపి, వెంటనే ఫోను చేశాను.

"మేడం, అబద్ధం చెప్పాను. మా మామగారు ఇంజినుతో బయట ఉన్నారు. పొద్దున్న వెళ్ళారు. ఇంకా రాలేదు."

తిడతారనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "ఎటు వెళ్ళాడు?"

ఎటు వెళ్ళాడో నాకు తెలియదు. నాగబాబుకూ తెలియదు. అప్పుడు మా అత్త వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అమ్మా, నాను ఆయన పెళ్ళాన్ని. లైటౌసుకి తిన్నగా తూరుపుకి ఎల్లాల. సింవాచలం కొండ తల ఒక్కటీ కనిపించినంత దూరం. రాతి నేల. మూడు వారాల నుంచి ఆ సేపలు కోసింది నానే, ఆటి కడుపుల్లో గవ్వ ముక్కలు సూసినాను. ఇంకెక్కడా అలగుండవు. గాలి భీమిలి కేసి తోత్తన్నాది. తొందరగా ఎల్లమనండమ్మా."

చెప్పడం అయ్యాక ఫోను నాకిచ్చేసి అరుగు మీద కూలబడింది. అంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి కొంగు నోట్లో కుక్కుకుంది.

తీర రక్షకుల పడవకు కబురు చేశానని, అది వచ్చేలోపు ఊళ్ళో ధైర్యమున్నవాళ్ళు ఇంజిన్లు కట్టుకుని వెళ్ళొచ్చని, ఆ బాధ్యత తనదని మేడం చెప్పారు. ఆ మాట చెప్పడానికి ఒడ్డుకు వెళ్ళాను. జనం మధ్య నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ ఇంజిను కడతామనీ అనలేదు. అంత గాలిలో ఎవరు వెళ్తారు?

వెనక నుంచి పోలిరాజు వచ్చాడు. నా ముందు చెయ్యి చాపాడు.

"తాళంచెవి" అన్నాడు.

షెల్టర్ దాకా అతని వెనక పరిగెత్తాను. తాళంచెవి తీశాను. అతనే తీసుకుని తెరిచాడు. ఇంజిను భుజాన వేసుకున్నాడు. ఏమైనా అంటాడేమో, నన్నూ మా మామనూ కలిపి ఒక్క మాటైనా అంటాడేమోనని చూశాను.

"టార్చిలైటు ఉందేటి?" అన్నాడు.

అతను దిగాక ఇంకో రెండు తెప్పలు దిగాయి. నాగబాబు ఒకదాంట్లో ఎక్కాడు. ఆ గాలిలోనూ పోలిరాజు ఇంజిను నాకు చాలాసేపు వినిపించింది. నాలుగు కొట్టి ఒకటి మింగుతూ పోయింది. ఆ మింగిన ప్రతిసారీ ఇక అందుకోదేమోననుకున్నాను.

ఆ రాత్రి సంగతి నన్ను అడగకండి.

మర్నాడు పొద్దున్న పదింటికి భీమిలి నుంచి ఫోను వచ్చింది. దొరికాడు. ప్రాణంతో ఉన్నాడు. ఇంజినులోకి నీళ్ళు పోయి ఆగిపోయిందట. ఒక తెడ్డు విరిగిపోయి, రెండోదానితో తెప్ప తిరగబడకుండా కాచుకుంటూ భీమిలి అవతలి దాకా కొట్టుకుపోయాడట. తెల్లారుతుండగా పోలిరాజు కనిపెట్టి, తాడు కట్టి లాక్కొచ్చాడు. అత్త ఆ మాట విని పోలిరాజు ఇంటికి పరిగెత్తి, అతని భార్య దేవి కాళ్ళ మీద పడింది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. మా తెప్పనూ ఇంజినునూ పట్టుకెళ్ళారు. నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. మేడం కాగితం ఇస్తూ, "ఆ రెండో ఫోను చేశావు చూడు, అది నా రిపోర్టులో రాశాను" అన్నారు. నా చోట నాగశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఊళ్ళో రెండు మాటలు నడిచాయి. ఇంటోడినే పట్టిచ్చిందని కొందరు. పోలిరాజును పట్టించి మామను దాచిందని కొందరు. మొదటి మాటకు నాకు కోపమొచ్చేది. రెండో మాట నిజమే.

అన్నింటికంటే కష్టం ఇంట్లో. మామగారు ఆసుపత్రి నుంచి వచ్చాక నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు. ముఖం చూసేవాడు కాదు. అరుగు మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అది కోపమో, సిగ్గో నాకు తెలియలేదు. పద్దెనిమిది రోజులు అలాగే గడిచాయి. ఆయన ఇంకెప్పుడూ మాట్లాడడేమోనన్న భయం నాకు ఆ గాలిరోజు భయానికి తక్కువగా ఏమీ లేదు. రోలు మాత్రం అరుగు మూల గోనె కిందే ఉండిపోయింది. దాన్ని ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.

జూన్ పదిహేను పొద్దున్న నిషేధం తీరింది. ఊరంతా ఒడ్డునే ఉంది. అత్త, నాగబాబు కూడా వెళ్ళారు. తెప్ప లేని మామగారు అరుగు మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. ఒక్కొక్క ఇంజినే అందుకుంటోంది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. పేర్లు మాత్రం చెప్పడం లేదు.

నాలుగు కొట్టి ఒకటి మింగే చప్పుడు వచ్చింది.

"పోలిరాజు" అన్నాడు.

నేను చేట పక్కన పెట్టాను.

"ఆ దినం గూడా ముందు ఇదే వినిపించినాది" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "ఉప్పుకి కళ్ళు మూసుకుపోనాయి. ఏటీ కనపడనేదు. సప్పుడొక్కటే. ఇది పోలిరాజుది కాదేటి, ఇది షెల్టర్ గదిలో కదా ఉండాల, తాళంచెవి నా కోడలి కాడ కదా ఉండాల అనుకున్నాను."

చప్పుడు దూరమవుతోంది. అది కొండ మలుపు దాటేదాకా ఆగాడు.

"అప్పుడు తెలిసిపోనాది. నువ్వు సెప్పేసినావని."

"కోపమొచ్చినాదా మావయ్యా?"

"రాత్రంతా భయమేసినా ఏడవనేదమ్మీ. అప్పుడు ఏడిసినాను. తెడ్డు వొదిలేసి ఏడిసినాను."

నాకూ ఏడుపొచ్చింది. ఆయన తుండుతో ముఖం తుడుచుకుని, అరుగు మూలకు చూశాడు.

"రోలుకి గోనెందుకమ్మీ? తీసెయ్యి" అన్నాడు.

నేను లేచి గోనె తీసి, దులిపి, ఎండలో ఆరేశాను.